అమావాస్య నాడు రాని ఫిర్యాదులు

ఇంటికి ఏ నెట్ తీసుకోవాలని అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ఏళ్ల తరబడి ఒకటే జవాబు చెప్పాను: "మనోళ్లది తీసుకో." ఆ జవాబు చాలామందికి పనికొచ్చింది. ఒక ఇంటి కోడలి కొంప మాత్రం అది ముంచబోయింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఆ సంగతే. నాకెప్పుడు జీతం పెరిగింది, ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టాను అన్నవి మీకు అక్కర్లేదు. నాకే గుర్తు లేవు.

మా తాత కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్‌కు మగ్గం పనికి వచ్చాడు. మా నాయన మరమగ్గం నడిపాడు. నేను మగ్గం వదిలి స్తంభం ఎక్కాను. మొదట టెలిఫోన్ వైర్లు, తర్వాత టీవీ కేబుల్, ఆఖరున ఇంటర్నెట్. చివరి పన్నెండేళ్లు నీలం నగర్‌లో అంబాదాస్ అనే ఆయన నడిపే చిన్న నెట్ కంపెనీలో పెద్ద లైన్‌మన్‌గా పనిచేశాను. నా పేరు విఠల్. మెడలో తులసిమాల ఉంటుంది. తెల్లవారి స్నానం, నామస్మరణ, ఏకాదశికీ అమావాస్యకూ భజన నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నవే. ఈ కథలో నా భక్తికీ పాత్ర ఉంది కనుక ముందే చెబుతున్నాను.

ముడి ఒప్పని పోగు

నెట్ వైరులోకి గాజు పోగులు వచ్చిన కొత్తలో జోడ్‌భావి పేట్ నుంచి ఫోన్ వచ్చింది. మల్లేశం అనే ముసలి నేతగాడి ఇల్లు. గోడ మీద మేకు కొడుతుంటే వైరు తెగిందట. "తెగింది గానీ నేను అతికిన. అయినా వస్తలేదు," అన్నాడు ఫోన్‌లో.

వెళ్లి చూశాను. పైతొడుగు బ్లేడుతో ఒలిచి, లోపలి గాజు పోగును, దాని చుట్టూ బలం కోసం ఉండే దారాలను కలిపి, పడుగులో తెగిన పోగును ముడివేసినట్టే చక్కటి నేత ముడి వేశాడు. పైన గంజి కూడా రాశాడు. ముడి ఎంత చిన్నదంటే వేలితో తడిమితే తప్ప తెలియదు.

నేను పకపకా నవ్వాను. ఆయన ముఖం మాడిపోయింది.

"అరవై ఏండ్ల సంది పోగులు అతుకుతున్న. ఏడ తెగినా నా చెయ్యి తగిలితే బట్టల కానరాదు. నువ్వు నవ్వుడు కాదు, ఏం తప్పయిందో చెప్పు," అన్నాడు.

అప్పుడు బుద్ధి వచ్చింది. అతుకు మిషన్ తెరిచి, దాని చిన్న తెర మీద రెండు గాజు కొసలను పెద్దగా చూపించాను. "తాతా, దీంట్ల పోయేది వెలుతురు. దానికి సీదా తొవ్వ కావాలె. ముడి పడ్డకాడ అది ఆగిపోతది," అన్నాను. కొసలు రెండూ ఎదురెదురుగా వచ్చి, చిన్న మెరుపు మెరిసి ఒక్కటైపోవడం ఆయన కళ్లార్పకుండా చూశాడు.

"అంటే గిది ముడి ఒప్పదు."

"ఒప్పదు."

"మరి గిదేం పోగురా బాబా! ఒక్కపారి తెగితే మిషన్‌కు మొక్కాలె," అని ఈసారి ఆయనే నవ్వాడు.

మనం వెళ్లే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి చేతుల్లో ఏదో ఒక విద్య ఉంటుంది. నేతగాళ్లు మన వైరును పోగనుకుంటారు. పత్తి నూగు పడకుండా రౌటర్ మీద చద్దరు కప్పుతారు, అది వేడెక్కి ఆగిపోతుంది. దసరాకు మగ్గంతో పాటు రౌటర్‌కూ కుంకుమ పెడతారు, పొడి రంధ్రాల్లోకి దిగుతుంది. నేను ఏనాడూ బొట్టు వద్దనలేదు. "పైన పెట్టమ్మా, పక్కల పెట్టకు," అనేవాణ్ని. చద్దరుకు బదులు పలుచటి జాలీ గుడ్డ ఇచ్చేవాణ్ని. నవ్వి వచ్చేస్తే వాళ్లు మళ్లీ అదే చేస్తారు, ఈసారి మనకు చెప్పకుండా చేస్తారు.

టెలిఫోన్ రోజుల్లో నా మొదటి సూపర్‌వైజర్ ఒక మరాఠీ ఆయన. నోరు చాలా చెడ్డది. కానీ వైరు ముట్టుకునే ముందు ఇంటివాళ్లు చెప్పేది పూర్తిగా వినకపోతే నిచ్చెన దిగమనేవాడు. భక్తి తొమ్మిది విధాలనీ, వాటిలో మొదటిది వినడమనీ మా భజన మండలిలో చిన్నప్పటి నుంచి నేర్పారు. ఆ మాట నాకు గుడిలో నోటికి వచ్చింది. అర్థమైంది మాత్రం ఆయన తిట్ల కింద, నిచ్చెన దగ్గర.

మనోళ్ల నెట్

అంబాదాస్ మంచి యజమాని. ఫోన్ రెండోసారి మోగకముందే ఎత్తాలనేవాడు. ఎవరింట్లోనైనా రెండు రోజులు నెట్ పోతే తానే వెళ్లి చేతులు జోడించి క్షమించమనేవాడు. ప్రకటనల్లో పెద్ద కంపెనీల వాళ్లు వేగాలు చూపిస్తుంటే, "జనానికి వేగం గాదు విఠలూ, బంద్ పడితే ఎవలొస్తరో గది కావాలె," అనేవాడు. అది నిజం. ఇప్పటికీ అదే అంటాను.

ఆయనతో వచ్చిన చిక్కు ఒక్కటే. తక్రార్ బుక్కులో, అంటే ఫిర్యాదుల పుస్తకంలో రాయనిది ఏదీ జరగనట్టే లెక్క ఆయనకు. నేనూ అంతే తయారయ్యాను.

ఆ పుస్తకంలో ఒక వింత ఉండేది. అమావాస్య నాటి పేజీ ఎప్పుడూ తెల్లగా ఉండేది. మా పేటలో మగ్గం పట్టినవాళ్లు అమావాస్య నాడు పూజ వేళ దాటాక నేయరు. తాతల నాటి గుంతమగ్గం పోయి మరమగ్గం వచ్చినా ఆ ఆచారం పోలేదు. పొద్దున పదిన్నర వేళకు మగ్గాలు ఆపి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ రోజు మా వీధుల నుంచి ఒక్క ఫిర్యాదూ రాదు. నేను దాన్ని దేవుడి దయగా తీసుకున్నాను. ఒకసారి భజన అయ్యాక లేచి నిలబడి అందరి ముందూ చెప్పాను: "పుణ్యతిథి నాడు మన వైర్లను విఠలుడే చూసుకుంటడు. బుక్కు సాక్ష్యం." అందరూ తాళాలు మోగించారు. నేను పొంగిపోయాను.

ఇంకొక గొప్ప కూడా ఉండేది నాకు. వీధి వీధికీ మా స్విచ్ పెట్టె ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి ఇళ్లకు వైర్లు పోతాయి. ఆ పెట్టెకు ఎప్పుడూ కరెంటు ఉండాలి. ఇళ్ల కరెంటు పోయినా మగ్గాల షెడ్లకు వేరే లైనులో వచ్చేది. అందుకని పెట్టెలను షెడ్లలో పెట్టిద్దామని నేనే చెప్పాను. అంబాదాస్ అందరి ముందూ నా భుజం తట్టాడు.

రేణుక అడిగిన ప్రశ్న

మా వెనక వీధిలో నర్సవ్వ అనే బీడీ కార్మికురాలు ఉంటుంది. భర్త లేడు. కొడుకు తువ్వాళ్లు నేసే షెడ్డులో పాళీ పని, అంటే షిఫ్టుల పని చేస్తాడు. కోడలు రేణుక కూడా పెళ్లయినప్పటి నుంచీ అత్త పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. రెండేళ్లుగా ఆమెకు దగ్గు. డాక్టర్ తంబాకు దగ్గర కూర్చోవద్దన్నాడు. కూర్చోకపోతే ఇల్లు నడవదు. మందులు వేసుకుంటూ బీడీలు చుడుతూనే ఉంది.

అప్పుడు ఆమెకు ఒక దారి దొరికింది. ఆసుపత్రులకు ఫోన్ చేసేవాళ్ల పేర్లు రాసుకుని, ఏ డాక్టర్ దగ్గరికి ఎప్పుడు రావాలో చెప్పే కంపెనీ ఒకటి పుణేలో ఉంది. ఇంటి నుంచే పని. రేణుక పన్నెండో తరగతి దాకా చదివింది, తెలుగు, మరాఠీ, హిందీ మూడూ ధారాళంగా మాట్లాడుతుంది. మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు పరీక్షగా పని చేయించి చూస్తామన్నారు. రెండు షరతులు: వైరు నెట్ ఉండాలి, ఫోన్ నెట్ పనికిరాదు. పని మధ్యలో లైను పోతే, కారణమేదైనా సరే, జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తారు.

రేణుక వచ్చి అడిగింది.

"మామా, రెండు నెట్లున్నయి. మీదొకటి, గా హోట్గి రోడ్ ఆఫీసోళ్లదొకటి. ఏది తీసుకోవాలె?"

"గిది అడుగుడేంది బిడ్డా, మనోళ్లది ఉండంగ?"

"వాళ్లు మెయిన్ రోడ్ మీదికెళ్లి సీదా వైరు తెస్తరంట. నడుమ పెట్టెలు ఉండయంట."

"తెస్తరు. రేపు బంద్ పడితే ఎవలొస్తరు? ఫోన్ చేస్తే ఒకటి నొక్కుండ్రి, రెండు నొక్కుండ్రి అంటరు. నేనైతే సైకిలేస్కోని వస్త."

నర్సవ్వ పక్కనే ఉంది. "నీ సైకిల్ వచ్చేవరకు దాని నౌకరి పోతది గానీ, సాఫ్ చెప్పన్నా. తెగుతదా, తెగదా?"

"తెగదు," అన్నాను. ఊరికే అనలేదు. తులసిమాల మీద చెయ్యి పెట్టి అన్నాను.

ఆమె అడిగిన దాంట్లో అసలు ప్రశ్న "నడుమ పెట్టెలు ఉండయంట" అన్నది. అది నా చెవిలో పడింది కానీ నేను వినలేదు.

రెండో రోజు మధ్యాహ్నం

ఆమె ఇంటికి మా వైరే వేశాను. పరీక్ష మొదటి రోజు బాగా జరిగింది. రెండో రోజు రెండు గంటలకు పని ముగిసిందని తెలిసి వెళ్లాను. నర్సవ్వ చాయ్ ఇచ్చింది. రేణుక ముఖం వెలిగిపోతోంది.

"ఇంకొక్క రోజు బిడ్డా. రేపు అమావాస్య. రేపైతే అసలు ఫికర్ లేదు. అమావాస్య నాడు మన నెట్ ఎన్నడూ పోలేదు," అన్నాను.

రేణుక నా వైపు విచిత్రంగా చూసింది. "పోకుడేంది మామా? పోయిన అమావాస్యకు పొద్దంత లేకుండె గద."

"ఎవలన్నరు?"

"ఎవలో అనుడేంది! పక్కింటోళ్ల నెట్ మీద గీ పని తాలీమ్ వీడియోలు చూస్తుంటి. పదిన్నరకు పోయింది, మళ్ల సాయంత్రం దాక రాలే. అంతకు ముందు అమావాస్యకు గూడ గట్లనే."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. "మరి పక్కింటోళ్లు ఆఫీసుకు ఫోన్ ఎందుకు చెయ్యలే?"

జవాబు నర్సవ్వ చెప్పింది. "ఎట్ల చేస్తరన్నా? అమావాస్య పూట నువ్వు ఉపాసముంటివి, భజన చేస్తుంటివి. గా టైముల నిన్ను స్తంభం ఎక్కిస్తే మాకు పాపం తగలదా? వస్తది తియ్యి, దేవుని పని కన్న ఎక్కువనా అని ఊకున్నం. ఈ గల్లీల అందరం గట్లనే."

నేను దేవుడి దయ అనుకున్నది వీళ్ల మర్యాద. ఏళ్ల తరబడి నెలకొకసారి ఈ ఇళ్లన్నిటికీ నెట్ పోయింది. నా మాలను చూసి నాకు చెప్పలేదు. ఆ తెల్ల పేజీని నేను మండలి ముందు సాక్ష్యంగా చూపించాను.

అక్కడి నుంచి నేరుగా రాజేశం సావుకారు షెడ్డుకు పోయాను. ఆ వీధి పెట్టె అక్కడే ఉంది. మగ్గాల చప్పుడులో గోడ పక్కన నిలబడి వైరును వేలితో వెంబడించాను. పెట్టె కరెంటు షెడ్డు మెయిన్ స్విచ్ నుంచే పోతోంది. అమావాస్య పూజకు ఆ మెయిన్ దించేస్తారు. లోపలి చిన్న బ్యాటరీ కాసేపే నిలుస్తుంది. ప్రతి అమావాస్యా ఆ పూజలో నేనూ కొబ్బరికాయ కొట్టాను. మెయిన్ దించడం నా కళ్లతో చూశాను. పెట్టెను అక్కడ పెట్టించింది కూడా నేనే.

రాజేశం సావుకారు మా భజన మండలికి పెద్ద. చెవిలో అరిచి చెప్పాను.

"సావుకారూ, రేపు మెయిన్ దించకుండ పూజ చెయ్యరాదా? నర్సవ్వ కోడలి నౌకరి పరీక్ష ఉన్నది."

ఆయన నన్ను బయటికి తీసుకొచ్చాడు. "విఠలూ, నువ్వే అంటున్నవా గీ మాట? మా నాయన దినాల ఒక అమావాస్య మెయిన్ దించుడు మర్చిపోయిండ్రు. తమ్ముడు మగ్గం తుడుస్తుంటే ఎవలదో చెయ్యి బటన్ మీద పడ్డది. వాని రెండు వేళ్లు పోయినయి. రేపు ఆడోళ్లు, పోరగాళ్లు అందరు వచ్చి కుంకుమ పెడుతరు. నేను మెయిన్ ఎట్ల ఉంచాలె చెప్పు?"

ఆయన మాట న్యాయం.

ఆఫీసుకు పోయి అంబాదాస్‌తో అన్నాను: రేపటికి పక్కింటి మీటర్ నుంచి పెట్టెకు కరెంటు ఇద్దామని. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంకొకల మీటర్ కరెంటు తీసి, రేపు బోర్డోళ్లు పట్టుకుంటే? అడిగి, కాగితం రాయించి చెయ్యాలె. ఒక్క రోజుల అయ్యే పని గాదు. అయినా అమావాస్య నాడు మనకు తక్రార్ ఏడిది?" అంటూ పుస్తకం నా ముందు తెరిచాడు. తెల్ల పేజీలు. నా మాటలనే ఆయన నాకు అప్పజెప్పాడు.

నేను మెడలోని మాలను చేతిలో పట్టుకున్నాను. అబద్ధపు ప్రమాణం చేశానని కాదు నా బాధ. తెలియక చేశాను, దేవుడికి తెలుసు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక నోరు మూసుకుంటే అది అబద్ధమవుతుంది.

తిరిగి రేణుక దగ్గరికి పోయాను. "బిడ్డా, నేను చెప్పింది తప్పు. మా నెట్ రేపు పదిన్నరకు పోతది. హోట్గి రోడ్ వాళ్లది తీసుకో. ఇప్పుడే పోదాం, ఆధార్ పట్టుకో."

ఆమెకు ఏడుపొచ్చింది. నర్సవ్వకు కోపమొచ్చింది. "మాల మీద చెయ్యి పెట్టి చెప్పినవ్ గదనే!"

"పెట్టిన చెల్లె. అందుకే వచ్చిన."

హోట్గి రోడ్

ఆ కంపెనీ ఆఫీసులో లైన్ల పని చూసేది సలీం అనే ఆయన. నాకంటే కాస్త చిన్న. ఏళ్ల క్రితం వాళ్ల వైరు మా స్తంభానికి కట్టారని నేను దాన్ని విప్పి రోడ్డు మీద పడేశాను. కోయలేదు కానీ పడేశాను. దాన్ని మండలిలో శౌర్యంలా చెప్పుకున్నాను కూడా.

సలీం నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. "క్యా చాచా! ఇయ్యాల ఏ వైరు విప్పనీకి వచ్చినవ్?"

"కట్టనీకి వచ్చిన సలీం భాయ్. నా ఇంటికి గాదు. గీ బిడ్డకు. రేపు పొద్దున పది వరకు కావాలె."

"మా లిస్టుల రెండు రోజులు పడ్తది."

నేను మొత్తం చెప్పాను. దగ్గు సంగతి, పెట్టె సంగతి, మాల సంగతి. పోటీ కంపెనీ మనిషి ముందు నా కంపెనీ తప్పు చెప్పడం అదే మొదటిసారి. సలీం విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివరికి, "నా డ్యూటీ తొమ్మిదికి. నేను ఏడుకు వస్త. నిచ్చెన నువ్వు పట్టుకుంటవా?" అన్నాడు.

"పట్టుకుంట."

"ఫొటో తీసి మా ఆఫీసుల పెట్టుకుంట చాచా," అన్నాడు. రేణుక ఏడుస్తూనే నవ్వింది.

అమావాస్య

సలీం ఏడుకు వచ్చాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. కొంతసేపటికి నేనే ఎక్కాల్సి వచ్చింది. షెడ్డు పిట్టగోడ వెనకనుంచి వైరు ఎలా తీసుకెళ్లాలో ఆ వీధిలో నాకే తెలుసు. అప్పుడే రాజేశం సావుకారు పూజ పంచె కట్టుకుని, కొబ్బరికాయల సంచితో వచ్చాడు.

"విఠలూ, పండుగ పూట పరాయోళ్ల వైరు మోస్తున్నవా?"

"మోస్తున్న సావుకారూ."

"తానం చేసినవా?"

"చేసిన."

"పూజకు?"

"గీ బిడ్డ పని ఒడిసినంక వస్త."

ఆయన సంచి భుజానికెత్తుకుని లోపలికి పోయాడు.

పదికి పది నిమిషాల ముందు రేణుక రౌటర్‌లో పచ్చ దీపం వెలిగింది. పదికి తలుపు వేసుకుని కూర్చుంది. నర్సవ్వ, నేను బయట అరుగు మీద కూర్చున్నాం. నర్సవ్వ ఆ పూట బీడీ ఆకు ముట్టలేదు. మగ్గాల చప్పుడులో లోపలి మాట మాకేమీ వినిపించలేదు.

పదిన్నరకు రాజేశం సావుకారు షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. నా వైపు చూసి చేతిని కిందికి దించుతూ సైగ చేశాడు: మెయిన్ దించుతున్నా. నేను తల ఊపాను. ఒక్కొక్క మగ్గమే ఆగింది. ఆ వీధిలో నిశ్శబ్దం ఎప్పుడో గానీ రాదు. వచ్చినప్పుడు చెవులు గింగురుమంటాయి. పక్కింటి వాళ్ల నెట్ ఆ చిన్న బ్యాటరీతో పాటే పోయింది. నేను తలుపు వైపే చూస్తున్నాను.

అప్పుడు లోపలి నుంచి రేణుక గొంతు స్పష్టంగా వీధిలోకి వచ్చింది. "హో ఆజీ, సాంగా, మీ ఐకతేయ్." అటువైపు ఎవరో ముసలమ్మ. చెప్పండి అవ్వా, వింటున్నానని మరాఠీలో అంటోంది. లైను తెగలేదు.

మగ్గాలు కడుగుతున్న ఆడవాళ్లు నీళ్ల చప్పుడు తగ్గించారు. హారతి మొదలైనప్పుడు రాజేశం సావుకారు లోపల ఎవరినో గదమాయించడం విన్నాను. "గంట మెల్లగ! ఆ పోరి పని మీదున్నది!" ఆ వీధిలో అంత మెల్లగా హారతి నేనెప్పుడూ వినలేదు. నేను ఆ పూజలో లేను. అరుగు మీదే కళ్లు మూసుకున్నాను. నా జన్మలో అంత బాగా కుదిరిన ప్రార్థన ఇంకొకటి లేదు.

రెండు గంటలకు తలుపు తెరుచుకుంది. "ఒక్కపారి గూడ పోలే మామా. దగ్గు మాత్రం రెండుసార్లొచ్చింది. మ్యూట్ చేసిన," అంది. పని దొరికిందో లేదో వారంలో చెబుతామన్నారట.

మండలి ముందు

ఆ సాయంత్రం భజన అయ్యాక లేచి నిలబడ్డాను. అమావాస్య నాడు ఫిర్యాదు రాకపోవడం దేవుడి దయ అని నేను చెప్పింది తప్పనీ, ఆ రోజు వీధి మొత్తానికి నెట్ ఉండదనీ, పెట్టెను అక్కడ పెట్టించింది నేనేననీ, వాళ్లు పాపమనుకుని నాకు చెప్పలేదనీ, ఇక మీదట నేను భజనలో ఉన్నా సరే ఫోన్ చేయాలనీ చెప్పాను.

వెనకనుంచి ఎవరో అన్నారు: "మరి గా దినం మేం తాళాలు మోగించినం గదనే, గవి ఎట్ల?"

"వాపస్ తీస్కో," అన్నారు ఇంకెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

అంబాదాస్ నవ్వలేదు. పోటీ కంపెనీ వైరు మోసినందుకు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు పక్కింటివాళ్లతో కాగితం రాయించుకుని, బోర్డు అనుమతి తీసుకుని, పెట్టెను షెడ్డులోంచి బయటికి మార్పించాడు. మిగతా వీధుల పెట్టెలు కూడా చూసి రమ్మని నన్నే పంపాడు. మంచి యజమాని అన్నాను కదా. ఆయనకు పుస్తకంలో కనిపించాలి, అంతే. ఆ నెలాఖరుకు నేను పని మానేశాను. వయసైంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏ నెట్ తీసుకోవాలని అడిగితే నేను ఏ కంపెనీ పేరూ చెప్పను. ముందు నేనే అడుగుతాను. దేనికి కావాలి, ఏ వేళలో పోతే నీకు నష్టం? ఆ వైరు ఎక్కడి నుంచి వస్తోంది, నడుమ కరెంటు తినే పెట్టె ఉందా, ఉంటే ఎవరి స్విచ్ కింద ఉంది? పండుగ నాడు, సెలవు నాడు మీ పక్కింటివాళ్లకు నడుస్తుందా? మామూలు రోజున అన్ని నెట్లూ నడుస్తాయి. బంద్ పడితే ఎవరొస్తారన్నది కూడా అడగాలి, కానీ అది ఆఖరి ప్రశ్న. నేను దాన్ని మొదటిదిగా, ఒకే ప్రశ్నగా చేసుకున్నాను. మన మనిషి వస్తాడన్న ధీమా మంచిదే. ఆ మన మనిషి మీద గౌరవంతో జనం తమ కష్టం చెప్పకుండా మింగేస్తుంటే మాత్రం ఆ గౌరవం ఎవరికీ మంచి చేయదు. మీకు ఫిర్యాదులు రావడం లేదంటే సంతోషించకండి. వెళ్లి అడగండి.

ఆ అమావాస్య అయిన వారానికి ఒక పొద్దున నర్సవ్వ ఇంటి ముందునుంచి పోతుంటే రేణుక బయటికి వచ్చింది. చేతిలో ఫోన్.

"మామా, సోమవారం సంది రమ్మన్నరు."

"ఏడికి?" అంది నర్సవ్వ, ఆకు కత్తిరిస్తూనే.

"ఏడికేంది అత్తమ్మా, గీ మూలకే."

నర్సవ్వ కత్తెర కింద పెట్టింది. లేచి, తన పక్కనున్న కోడలి చాటను తీసింది. అందులో సగం చుట్టిన బీడీలు, తంబాకు ఉన్నాయి. వాటిని తన చాటలోకి ఒంపుకుంది. ఖాళీ చాటను వీధి గుమ్మం బయటికి తీసుకెళ్లి, గోడకు రెండుసార్లు గట్టిగా కొట్టి దులిపి, అక్కడే బోర్లించి వచ్చింది. తర్వాత తన చాట కూడా ఎత్తుకుని, వెళ్లి బయట అరుగు మీద కూర్చుంది.

"తలుపు పెట్టుకో బిడ్డా. తంబాకు దుమ్ము లోపలికొస్తది," అంది.